కుట్టు మిషను దిగిన బల్ల

కారంపూడిలో మేము ఉంటున్న పాస్టరు నివాసములో మంచి బల్ల ఒక్కటే ఉన్నది. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు గల టేకు బల్ల. మా నాన్నగారు బడిపంతులుగా ఉన్న రోజులలో చేయించుకున్నది. పిల్లల నోటుపుస్తకాలు దాని మీదనే దిద్దేవారు. ఆయన తరువాత అది మాకు వచ్చినది. బదిలీ అయిన ప్రతి ఊరికీ మాతో కూడా ట్రాక్టరు ఎక్కి వచ్చినది. మా ఆదివారపు ప్రసంగాలన్నీ దాని మీద వ్రాసుకున్నవే.

మా ఇంటివారికి కూడా ఆ బల్లతో పని ఉన్నది. పెండ్లిలో పుట్టింటివారు ఇచ్చిన ఉషా చేతి మిషను ఆమె దగ్గర ఉన్నది. జూన్ నెలలో బడి పిల్లల యూనిఫారాలు, డిసెంబరులో క్రిస్మసు గౌనులు, మిగిలిన నెలల్లో సంఘపు సహోదరీల జాకెట్లు కుడుతుంది. అయితే మేము వ్రాసుకోవడము ముగించి, పుస్తకాలు ప్రక్కకు జరిపిన తరువాతనే మిషను బల్ల మీదికి వచ్చేది. మేము మరల కూర్చునే వేళకు దిగిపోయేది. ఇన్ని సంవత్సరాలుగా అది మాకు ఒక తప్పుగా కనబడలేదు.

2023 డిసెంబరులో ఆమె కుడి భుజము పట్టేసినది. నీళ్ళ బిందె ఎత్తలేకపోయినది. తల దువ్వుకోవడానికి కూడా చేయి లేవలేదు. నరసరావుపేటలో ఒక డాక్టరుగారికి చూపించాము. ఆయన మందులు వ్రాస్తూ, “ఎంత ఎత్తు బల్ల మీద కుడతారమ్మా?” అని అడిగారు. ఆమె మా వైపు చూసినది. ప్రతిదినము ఆ బల్ల యొద్ద కూర్చునే మేము ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాము.

ఇంటికి వచ్చి టేపు పెట్టి చూశాము. బల్ల ఎత్తు 30 అంగుళాలు. దాని మీద మిషను చెక్క పీట, పీట మీద మిషను, కలిపి మరి మూడున్నర అంగుళాలు. అనగా గుడ్డ కదిలే చోటు నేల నుండి 33½ అంగుళాల ఎత్తున ఉన్నది. సంఘములోని ఒక తాత, వయసు మీదపడినా ఇంకా రంపము పట్టే వడ్రంగి ఆచారిగారిని పిలుచుకువచ్చారు. ఆయన మా టేపు ప్రక్కన పెట్టించి, “అయ్యగారూ, ముందు బల్ల కొలత కాదండీ, మనిషి కొలత తీయాలి. అమ్మగారిని కుర్చీలో కూర్చోమనండి” అన్నారు. కూర్చొని మోచేయి మడిస్తే, నేల నుండి మోచేతికి 27 అంగుళాలు వచ్చినది. “చూశారా, అమ్మగారు ఇన్నాళ్ళూ చేతులు ఆరున్నర అంగుళాలు పైకి ఎత్తిపెట్టుకుని కుట్టారు. భుజము పట్టక ఏమవుతుందండీ?” అన్నారు.

ఇనుప స్టాండు బల్ల కొందామంటే గదిలో చోటు లేదు. ఉన్న బల్లకే రంధ్రము కోసి, మిషనును అందులోకి దించి, మిషను పైభాగము బల్ల పైభాగము ఒకే మట్టానికి తేవచ్చునని ఆచారిగారు చెప్పారు. మేము వెంటనే సరే అనలేకపోయాము. మా నాన్నగారి బల్ల! మా ఇంటివారే ముందుగా, “వద్దండీ, మామయ్యగారి బల్ల. నేను సర్దుకుంటాను” అన్నది. ఆ మాట మాకు ఊరటగా తోచినదని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాము.

అప్పుడు వరండాలో కూర్చున్న మా అమ్మగారు లోపలికి వచ్చారు. “మీ నాన్న ఆ బల్ల మీద వ్రాసినన్నాళ్ళూ నేను నేల మీద కూర్చొని, దీపము దగ్గర పెట్టుకుని, చేతి సూదితో మీ చొక్కాలు కుట్టాను. ఆ బల్ల దగ్గర నేను ఒక్కనాడు కూర్చోలేదు నాయనా. కోయించు” అన్నారు. ఆమె గొంతులో కోపము లేదు. అదే మాకు ఎక్కువ గ్రుచ్చుకున్నది.

మాది పల్నాటి యుద్ధము జరిగిన ఊరు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వారిని ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనము పెట్టిన చాపకూడును ఇక్కడ వీరుల తిరునాళ్ళలో ఏటేటా తలచుకుంటారు. ఆ సంగతి మేము కూడా సమానత్వమును గూర్చి చెప్పేటప్పుడు ఎన్నోసార్లు ఎత్తి చూపాము. మా ఇంటి బల్ల దగ్గర మాత్రము రెండు తరాలుగా ఒక్కరికే చోటు ఉన్నది.

మరునాడు పని మొదలైనది. మీ ఇంట కూడా ఉపయోగపడవచ్చును గనుక వివరముగా వ్రాస్తున్నాము. ముందు మిషనును చెక్క పీట నుండి విప్పి, అట్ట మీద పెట్టి చుట్టూ గీత గీశారు. మా మిషను అడుగు పద్నాలుగున్నర అంగుళాల పొడవు, ఏడు అంగుళాల వెడల్పు వచ్చినది. మీరు మీ మిషనునే కొలుచుకోండి. బల్ల అడుగున సొరుగు, అడ్డపట్టీ ఉన్నవేమో ముందే చూసుకోవాలి. మాకు సొరుగు తీసివేయవలసి వచ్చినది. గుడ్డ ఎడమ ప్రక్కకు పరచుకుంటుంది గనుక రంధ్రము కుడి వైపుకు జరిపి గుర్తుపెట్టారు. నాలుగు మూలలా బరమాతో తొలిచి, సన్నని రంపముతో గీతకు లోపలగా కోసి, ఆకురాయితో సరిచేశారు. వెనుక అంచున రెండు మడత బందులు బిగించారు. వాటి పుల్లలు మిషను వెనుక ఉన్న రంధ్రాలలోకి వెళ్తాయి. ఇక నూనె వేయడానికి మిషనును వెనక్కు వాల్చవచ్చు. ముందు మూలల్లో అడుగున రెండు చెక్కముక్కలు ఆనుగా కొట్టారు.

మొదటిసారి దించినప్పుడు రెండు పొరపాట్లు బయటపడ్డాయి. మిషను బల్ల కన్నా నూలుపోగంత క్రిందికి దిగినది. అందువలన బాబిన్ తీయడానికి ఎడమకు జరిపే పలక బల్ల అంచుకు తట్టుకుని తెరుచుకోలేదు. ఆనుముక్కల మీద పలుచని చెక్కపేళ్ళు వేసి సరిచేశారు. చక్రము కూడా బల్లకు రాసుకున్నది. అక్కడ ఒక గాడి తీశారు. చేతి పిడి ఇక తిరగదు గనుక దానిని తీసివేసి, చిన్న మోటారు, కాలితో నొక్కే స్విచ్చు పెట్టించాము. మిషనును వాల్చేటప్పుడు ప్లగ్గు తీసివేయడము మరువరాదు. చివరకు బల్ల కాళ్ళు రెండేసి అంగుళాలు కోశారు. ఇంకా తగ్గిస్తే మోకాళ్ళు మిషను అడుగుకు తగులుతాయన్నారు. ఇప్పుడు గుడ్డ 28 అంగుళాల ఎత్తున, ఆమె మోచేతికి ఒక్క అంగుళము పైన కదులుతున్నది.

ఆమె కూర్చొని ఒక పిల్లవాని నిక్కరు కుట్టినది. గుడ్డ జారిపోకుండా ఎడమ చేత్తో పట్టి ఉంచవలసిన పని లేదు. బల్లే దానిని మోస్తున్నది. సగములో ఆగి, “ఇంత తేలికా అండీ?” అని అడిగినది. మాకు మాట రాలేదు.

1924లో గాంధీగారు యంత్రాలను గూర్చి మాట్లాడుతూ కుట్టు మిషనును మంచి యంత్రముగా మినహాయించారు. చేత్తో కుట్టే భార్య శ్రమ చూడలేక సింగర్ దానిని తయారుచేశాడని ఆయన చెప్పారు. ఆ మిషను మా ఇంటికి వచ్చిన తరువాత కూడా శ్రమ చూడవలసిన కళ్ళు మాకు లేకపోయినవి. దొర్కా కుట్టిన వస్త్రములను గూర్చి మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్క లేదు. ఆ ప్రసంగాలు వ్రాసినది ఈ బల్ల మీదనే. అదే బల్ల మీద కుట్టే చేతులు ఎంత ఎత్తున ఉన్నవో ఒక్కసారి చూడలేదు.

భుజము నొప్పి పూర్తిగా పోలేదు. చలికాలములో ఇంకా బాధపెడుతుంది. అయితే బిందె ఎత్తగలుగుతున్నది. మేము రాత్రి పూట బల్ల ఎడమ ప్రక్కన మిగిలిన చోటులో వ్రాసుకుంటున్నాము. ఆమెకు పని ఎక్కువగా ఉన్న రోజున, కోయగా వచ్చిన టేకు ముక్కను ఒడిలో పెట్టుకుని వరండాలో వ్రాస్తాము. దాని మీద మా నాన్నగారి ఎర్రసిరా మరక ఇంకా ఉన్నది.

ప్రియ పాఠకులారా, మీ ఇంటిలోని పొయ్యిగట్టు, రుబ్బురోలు, మిషను బల్ల ఎవరి ఎత్తుకు అమర్చినవో ఈ నెలలో ఒకసారి టేపు తీసుకుని చూడండి. అక్కడ పనిచేసే మనిషిని ముందు కూర్చోబెట్టి కొలవండి. వద్దులే, సర్దుకుంటానని ఆమె అంటే, ఆ మాటను మాత్రము ఒప్పుకోకండి.