శంకరాభరణం పేరుతో నేను చేసిన తప్పు

కె. విశ్వనాథ్ గారి సినిమాల్లో ఏది గొప్పదని మా బృందంలో మాట వస్తే చివరికి గెలిచేది నేనే. గెలుస్తున్నానని చాలాకాలం అనుకున్నాను. నిజానికి మిగతావాళ్లు నాతో మాట్లాడటం మానేస్తూ వచ్చారు. ఆ తేడా తెలియడానికి ఒక మనిషి మనసు నొప్పించాల్సి వచ్చింది. నాలాగే అభిమానంతో వాదించేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మా గుంటూరు వాళ్లకు విశ్వనాథ్ గారి మీద కాస్త ఎక్కువ చనువు. ఆయన పుట్టింది రేపల్లె వైపు, చదివింది గుంటూరులో. మద్రాసు వాహినీ స్టూడియోలో సౌండ్ విభాగంలో పనిచేసి, ఆదుర్తి సుబ్బారావు గారి దగ్గర దర్శకత్వ శాఖలో చేరి, ‘ఆత్మగౌరవం’తో దర్శకుడయ్యారు. ఆదివారం సాయంత్రాలు ఒక మిత్రుడి మేడ మీద చేరే మా కొద్దిమందికీ ఆయన సినిమాలంటే ప్రాణం. బ్యాంకులో చేసి రిటైరైన ఆయన ఒకరు, ఆర్టీసీ డ్రైవరుగా చేసిన పెద్దాయన ఒకరు, ఇద్దరు ముగ్గురు కాలేజీ కుర్రాళ్లు, టైలరింగ్ షాపు నడిపే ఒకావిడ. నేను హైస్కూల్లో తెలుగు చెప్పాను కనుక అందరికీ మాస్టార్ని.

ఎవరి సినిమా వారికుండేది. బ్యాంకాయనకు ‘సాగరసంగమం’. ఢిల్లీ నాట్యోత్సవం ఆహ్వానపత్రికలో తన ఫొటో చూసుకుని కథానాయకుడు బాలు కదిలిపోయే ఘట్టం గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోయేది. కుర్రాళ్లకు ‘స్వర్ణకమలం’. ఆర్టీసీ అన్నగారికి ‘స్వయంకృషి’. టైలరింగ్ షాపు ఆవిడకు ‘శుభలేఖ’. నాకు ‘శంకరాభరణం’.

ఇంతవరకు తప్పేమీ లేదు. అయితే ‘నాకు ఇది ఇష్టం’ అని ఆగడం నాకు చేతకాలేదు. ఆర్టీసీ అన్నగారు ‘స్వయంకృషి’ ఎత్తగానే, “అది చిరంజీవి సినిమా అన్నగారూ, విశ్వనాథ్ సినిమా కాదు” అనేవాణ్ణి. ‘స్వర్ణకమలం’ అంటే “పాటలు తీసేస్తే ఏముంది?” అనేవాణ్ణి. ‘శుభలేఖ’ను అసలు లెక్కలోకే తీసుకునేవాణ్ణి కాదు.

నా దగ్గర ఆయుధాలు సిద్ధంగా ఉండేవి. మొదటిది అవార్డులు. ‘శంకరాభరణా’నికి ప్రజాదరణ పొందిన ఉత్తమ వినోదాత్మక చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. సంగీతానికి కె.వి. మహదేవన్ గారికి, గానానికి ఎస్.పి. బాలు గారికి, వాణీ జయరాం గారికి జాతీయ పురస్కారాలు వచ్చాయి. రెండోది, స్టార్ లేకుండా ఆడిన సినిమా. డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తున్న జె.వి. సోమయాజులు గారిని, నడివయసు దాటిన పాత్రలో కథానాయకుడిగా నిలబెట్టారు. మూడోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. పాశ్చాత్య సంగీతపు హోరును ఎదిరించి మన సంగీతాన్ని గెలిపించిన సినిమా ఇదేనని చెప్పి అక్కడితో చర్చ ముగించేవాణ్ణి. రాగం పేరు చెప్పి, కీర్తన పేరు చెప్పి మాట్లాడేవాడికి ఎదురు చెప్పాలంటే సామాన్యులు జంకుతారు. ఆ జంకును నేను ఒప్పుకోలుగా భావించాను.

2023 ఫిబ్రవరి 2న విశ్వనాథ్ గారు హైదరాబాద్‌లో కన్నుమూశారు. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైంది కూడా అదే ఫిబ్రవరి 2న. ఆ తేదీ కలవడం మమ్మల్నందరినీ కదిలించింది. మేడ మీద చిన్న సభ పెట్టి, ఆయన సినిమా ఒకటి అందరం కలిసి చూద్దామనుకున్నాం. ఏది వెయ్యాలన్న మాట వచ్చింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని టైలరింగ్ షాపు ఆవిడ ముందుగా నోరు విప్పారు.

“శుభలేఖ వేద్దాం మాస్టారూ. నవ్విస్తూనే కట్నం గురించి ఆయన ఎంత గట్టి మాట చెప్పారో ఈ పిల్లలు చూస్తారు.”

“సంతాపసభలో అదేంటమ్మా?” అన్నాను. “మంచి సినిమానే, కాదనను. కానీ విశ్వనాథ్ గారంటే అది కాదు. కాస్త సంగీతం తెలిస్తే మీకే అర్థమవుతుంది.”

ఆవిడ “సరేనండీ” అన్నారు. మిగతావాళ్లు నేల చూపులు చూశారు. మేడ మీద ‘శంకరాభరణమే’ వేశాం. ఆవిడ వచ్చి, చివరిదాకా కూర్చుని, అందరికీ నమస్కారం చెప్పి వెళ్లారు. ఆ తర్వాత ఆదివారాలు రావడం మానేశారు. పని ఒత్తిడేమో అనుకున్నాను. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

నా కళ్లు తెరిపించింది మళ్లీ ‘శంకరాభరణమే’. విశ్వనాథ్ గారి మీద ఒక వ్యాసం రాద్దామని, ఈసారి కాగితం, కలం పట్టుకుని చూశాను. రాత్రివేళ కుర్రాళ్లు వీధిలో చేరి పాశ్చాత్య బాణీ పాడుతూ కథానాయకుడు శంకరశాస్త్రిని ఆటపట్టించే ఘట్టం ఉంది కదా. ఇన్నేళ్లూ నా జ్ఞాపకంలో ఆయన ఆ సంగీతాన్ని తుచ్ఛమని కసిరికొట్టాడు. నా మూడో ఆయుధం నిలబడింది ఆ జ్ఞాపకం మీదే. తెర మీద జరిగింది వేరు. ఆయన వాళ్ల బాణీని శ్రద్ధగా వింటాడు. దాన్నే స్వరాల్లో పాడి వాళ్లకు తిరిగి వినిపిస్తాడు. సంగీతం ఎక్కడిదైనా సంగీతమేనని చెప్పి, ఇంకొకరి సంగీతాన్ని అవహేళన చేయడాన్నే తప్పు పడతాడు. నేను ఎవరి పేరు చెప్పుకుని నలుగురినీ తక్కువ చేశానో, ఆ శాస్త్రిగారు తప్పన్నది సరిగ్గా నేను చేసిన పనినే.

సిగ్గుతో వ్యాసం పక్కన పెట్టాను. దొరికిన సినిమాలన్నీ వచ్చిన వరుసలో మళ్లీ చూడటం మొదలుపెట్టాను. అంతకుముందు నాకు విశ్వనాథ్ గారు 1980లో మొదలైనవారు. ఇప్పుడు 1971 నాటి ‘చెల్లెలి కాపురం’ చూస్తే, రంగు తక్కువని తనను తాను వెనక్కి నెట్టుకున్న ఒక కవి, తన కవిత్వం స్నేహితుడి పేరుతో ఊరేగుతుంటే నలిగిపోవడం కనిపించింది. గుర్తింపు దక్కని కళాకారుడి బాధ ‘సాగరసంగమం’ బాలుతో మొదలు కాలేదు, ఎప్పుడో శోభన్‌బాబు పాత్రలోనే ఉంది. 1976 నాటి ‘సిరిసిరిమువ్వ’లో మాటరాని అమ్మాయి నాట్యానికి అండగా నిలిచేది డప్పు కొట్టే కుర్రాడు. ‘శంకరాభరణం’ తర్వాత ఏడాదే వచ్చిన ‘సప్తపది’లో అదే సోమయాజులు గారు ఆచారవంతుడైన పెద్దాయనగా కనిపించి, మనవరాలిని ఆమె ప్రేమించిన హరిజన యువకుడితో పంపేందుకు తనలో తాను ఎంతో పోరాడతారు. దానికి జాతీయ సమైక్యతా పురస్కారం వచ్చింది. అవార్డులే కొలబద్ద అయితే ‘సప్తపది’ ఏం తక్కువని ఎవరైనా నన్ను అడగవచ్చు. 1986 నాటి ‘స్వాతిముత్యం’ మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్లిందనీ అనవచ్చు. మా బృందంలో ఎవరూ అనలేదు. నేను అనుకూలమైన అవార్డులే లెక్కపెట్టుకున్నాను.

అలా చూస్తుండగా ‘స్వయంకృషి’ దగ్గరకు వచ్చాను. చెప్పులు కుట్టే సాంబయ్య కష్టపడి పైకొచ్చి, పెద్ద షాపు యజమాని అయ్యాక కూడా ఆ పనిని చిన్నచూపు చూడడు. మేనల్లుడు డబ్బు మోజులో దారి తప్పుతుంటే, కష్టం విలువ తెలియని బతుకు బతుకే కాదని నిలబడతాడు. శంకరశాస్త్రికీ సాంబయ్యకీ తేడా ఏమిటని ఆలోచించాను. ఒకరి చేతిలో తంబూరా, ఒకరి చేతిలో ఆరె. ఇద్దరూ చేసే పని ముందు తప్ప ఇంకెక్కడా తలవంచరు. ‘స్వర్ణకమలం’ చందు హోర్డింగులు గీసే పెయింటరు. ‘సాగరసంగమం’ బాలు తల్లి వంటలు చేసి కొడుకును పోషించుకుంటుంది. ‘శుభలేఖ’ నరసింహమూర్తి హోటల్లో వడ్డించే కుర్రాడు. శాస్త్రీయ కళ విశ్వనాథ్ గారికి ప్రాణమన్నది నిజమే. దాని కింద ఇంకొక పునాది ఉందని నాకు అప్పుడు తెలిసింది. చేసే పనిలో నిజాయితీ ఉంటే ఆ మనిషికి దొరకాల్సిన గౌరవం గురించే ఆయన సినిమా తర్వాత సినిమాగా చెబుతూ వచ్చారు. నేను ‘విశ్వనాథ్ సినిమాలు కావు’ అని పక్కకు నెట్టినవే నాకు ఆ పునాదిని చూపించాయి.

తప్పు ఒప్పుకోవాలని ఆవిడ షాపుకు వెళ్లాను. కుర్చీ వేసి కూర్చోమన్నారు. “ఆ రోజు అలా మాట్లాడి ఉండాల్సింది కాదమ్మా. సంగీతం తెలిస్తే అర్థమవుతుందన్నాను. చాలా తప్పు మాట. క్షమించండి” అన్నాను.

“ఫర్లేదు మాస్టారూ” అన్నారు.

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఇంకో ప్రశ్న వేశాను. “శుభలేఖ మీకెందుకంత దగ్గరైంది? మీ ఇంట్లో ఎవరైనా కట్నం వల్ల ఇబ్బంది పడ్డారా?”

ఆవిడ కత్తెర పక్కన పెట్టి నా వంక చూశారు. “ఎవరూ పడలేదండీ. మా నాన్నగారు కట్నం మాటే లేకుండా నా పెళ్లి చేశారు. సినిమా బాగుంది కాబట్టి బాగుందన్నాను. మీరు శంకరాభరణం గొప్పదంటే, మీ ఇంట్లో సంగీత విద్వాంసులు ఉన్నారా అని నేను అడిగానా?”

మేడ మీద అన్న మాట కంటే ఈ ప్రశ్న పెద్ద తప్పని అప్పుడు తెలిసింది. ఆ రోజు ఆవిడకు తెలియదని అనుకున్నాను. ఈ రోజు తెలిసి ఉంటే ఏదో బాధ వల్లే తెలిసి ఉంటుందని అనుకున్నాను. నా ఇష్టానికి వివేచన కారణం, ఆవిడ ఇష్టానికి కన్నీళ్లు కారణం అని నాకు నేనే పంచి పెట్టుకున్నాను. ఆవిడ కూడా సినిమాను చూసి, తూచి, నిర్ణయించి ఉంటారని నాకు తట్టనేలేదు.

“అయితే ఏం బాగుందో చెప్పండమ్మా, వింటాను” అన్నాను. చెప్పారు. 1982 నాటికి అప్పుడప్పుడే పైకొస్తున్న హీరో చేత హోటల్లో వడ్డన చేయించి, ఆ వడ్డనలోనే హుందాతనం చూపించడం మాటలు కాదన్నారు. కట్నానికి ఎదురు తిరిగిన అమ్మాయిని తప్పు చేసినదానిలా ఎక్కడా చూపించలేదన్నారు. కట్నం అడిగే పెద్దమనిషిని చూస్తే మనకు నవ్వొస్తుంది, అలా నవ్వించడమే అతనికి వేసిన శిక్ష అన్నారు. “కోపంగా చెబితే కట్నం తీసుకున్నవాళ్లు హాల్లోంచి లేచిపోతారు మాస్టారూ. నవ్విస్తే చివరిదాకా కూర్చుని వింటారు.” నేను చదివిన ఏ సమీక్షలోనూ ఆ మాట నాకు కనిపించలేదు. ఇంత చూసిన మనిషి మా మధ్య కూర్చుని ఉంటే, నేను అవార్డుల జాబితా వల్లిస్తూ గడిపాను.

ఆవిడ మళ్లీ రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు మా దగ్గర వాదన తగ్గలేదు, పద్ధతి మారింది. సినిమా పేరు చెబితే చాలదు, అందులో ఒక్క ఘట్టం చెప్పి దర్శకుడి చెయ్యి ఎక్కడుందో చూపించాలి. ఆ ఘట్టం గుర్తులేకపోతే మళ్లీ చూసి రావాలి, ఎందుకంటే అభిమానం జ్ఞాపకాన్ని ఎంత మార్చేస్తుందో నా విషయంలో చూశాను. పాట బాగుంటే వేటూరి గారికో సీతారామశాస్త్రి గారికో, బాణీ బాగుంటే మహదేవన్ గారికో ఇళయరాజా గారికో, మాట బాగుంటే జంధ్యాల గారికో చెందాల్సిన వాటా వాళ్లకు ఇచ్చాకే దర్శకుడి గురించి మాట్లాడాలి. అన్నిటికంటే ముఖ్యం, ‘అది ఆయన సినిమా కాదు’ అన్న మాట ఎవరూ అనకూడదు. ఆయన తీసినవన్నీ ఆయనవే. మన ఊహలో ఉన్న విశ్వనాథ్‌కు సరిపోనివి తీసేస్తూ పోతే, చివరికి మిగిలేది మన ఊహే.

ఆర్టీసీ అన్నగారు ఇప్పుడు ‘స్వయంకృషి’ గురించి నిస్సంకోచంగా మాట్లాడతారు. స్టీరింగ్ పట్టుకున్న చేతిని ఎవరైనా తక్కువగా చూస్తే సాంబయ్య గుర్తొచ్చేవాడని ఒకసారి అన్నారు. నాకు అలవాటైన జాలి మళ్లీ తలెత్తబోయింది. ఆపుకుని, ఏ ఘట్టమని అడిగాను. ఆయన చెప్పారు, అందరం విన్నాం.

నన్ను అడిగితే ఇప్పటికీ ‘శంకరాభరణం’ అనే అంటాను. ఆ ఇష్టం ఏమీ తగ్గలేదు. ఊరంతా వేలెత్తి చూపుతున్నా తులసి అనే అమ్మాయికి నీడనిచ్చిన శాస్త్రిని, ఎదుటివాడి పాట కూడా విన్న శాస్త్రిని ఇప్పుడు ఇష్టపడుతున్నాను. సంగీతం తెలియనివాళ్లను నోరు మూయించడానికి నేను కల్పించుకున్న శాస్త్రితో నాకిక పనిలేదు. అభిమానులారా, మీ దర్శకుడి గొప్ప సినిమా ఏదో గట్టిగా చెప్పండి, వాదించండి. ఎదుటివాళ్ల సినిమా పేరు వినగానే మాత్రం తీర్పు చెప్పకండి, ‘అందులో ఏం చూశారు?’ అని అడగండి. అడిగాక ఓపిగ్గా వినండి. మీకు తెలిసిందనుకున్న దర్శకుడిలో మీరు చూడని సగం ఆ జవాబులో దొరకవచ్చు.