ఉగ్గుగిన్నెకు లొంగని జావ

మదనపల్లె నుండి పుంగనూరు పోవు మార్గమును విడిచి, టమాటా తోటల నడుమ ఎఱ్ఱమట్టి బాటన కొంతదూరము పోయినచో ఒక చిన్న పల్లె తగులును. ఆఱు మాసములు నిండిన శిశువుల తల్లులకు, అంగడి డబ్బాల జోలికి పోకుండ ఇంటనే ఉగ్గుపిండి సిద్ధపఱచుకొను విధానమును అచ్చటి అంగన్‌వాడీ కేంద్రమునందు చూపుచున్నారని విని, ఒక యుదయమున నేనును పోయి తల్లుల వెనుక గోడవారగా కూర్చుంటిని. ఒంటిగది కట్టడము, ముందొక పంచ. పంచలో నాలుగైదు చేటలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, చంకల బిడ్డలతో పదిమంది తల్లులు. వారికంటె ముందుగా వచ్చి ముందువరుస నాక్రమించిన అవ్వలు.

ఈ పనికి రాగులే మూలధనము. వానిని చెరిగి, నీట గాలించి ఇసుకను వేఱుచేసి, రాత్రంతయు నానబెట్టి, నీరోడ్చి, తడిగుడ్డలో మూటగట్టి దూలమునకు వ్రేలాడదీసియుండిరి. ఆనాడు మూట విప్పగా గింజగింజకును సన్నని తెల్లని మొలక వెడలియుండెను. అంతకుముందు మూటలోని గింజలు అప్పటికే ఎండి సిద్ధముగా నున్నందున, ఆయమ్మ వానిని అరచేతుల నడుమ నులిమి, ఎండిన మొలకలను రాల్చి చెరిగి పాఱవైచెను. ఈ మొలకరాగులను విడిగా నుంచి, మొలకెత్తింపని రాగులను, పెసరపప్పును, శెనక్కాయ విత్తులను వేర్వేఱుగ వేయించుట చూచితిని. అన్నియు నొక్కమాఱు బాణలిలో పోసినచో పెసరపప్పు మాడునప్పటికిని రాగి పచ్చిగనే యుండునట. మూడుపాళ్ళు రాగులకు ఒకపాలు పప్పు. శెనక్కాయలు పిడికెడు మాత్రమే, అవియును ముడుతపడినవి, బూజు సోకినవి నిర్దాక్షిణ్యముగా ఏఱివేసిన పిమ్మట. విత్తు విత్తుగా బిడ్డ నోటికి అందిన గొంతుకు అడ్డుపడు ప్రమాదము గలదు గనుక మెత్తని పొడి చేసిన గాని దానిని వాడరాదు.

పిండిమర వాని సహకారము లేనిది ఈ కార్యము సాగదు. మిరపకాయలు పట్టిన మరలో వెనువెంటనే బిడ్డల పిండి పట్టినచో ఆ ఘాటు ఎన్నటికిని పోదు; కావున అతడు తెల్లవాఱగనే, తక్కిన పనులకు పూర్వమే, పిడికెడు బియ్యము ఆడించి మరను శుభ్రపఱచి ఈ పిండిని పట్టి యిచ్చుచున్నాడు. దానిని పలుచని గుడ్డతో జల్లించి మూతబిగిసిన డబ్బాలో నుంచిరి.

ఇంతవఱకు ఏ యింటనైనను పెద్దలెఱిగిన పనియే. అసలు విశేషము పిదప జరిగెను. టీచరమ్మ వేయించిన పిండిని చన్నీట ఉండకట్టకుండ కలిపి, సన్నని సెగపై ఉడికించి, గరిటె కదలుటయే కష్టమగునంత చిక్కగా చేసి దించెను. ముందువరుసలో ఒక అవ్వ తటాలున ఆక్షేపించినది.

“ఏమ్మా టీచరమ్మా, ఇది సంగటా, బిడ్డ తినే కూడా? గొంతు దిగుతుందా ఇది? ఇంకా రెండు గ్లాసుల నీళ్ళు పొయ్యి!”

తల్లుల ముఖములయందును ఆ యభిప్రాయమే గోచరించినది. వారి భయము నిష్కారణము గాదు. కాని ఆ భయమే గదా తరతరములుగా బిడ్డలను నీళ్ళతో నింపినది! ఏడు కిలోల బిడ్డ కడుపున ఒక్కమాఱు పట్టునది దాదాపు 200 మిల్లీలీటర్లు. పలుచని జావయందు నూటికి తొంబదిపాళ్ళకు మించి నీరే. ఆఱు మొదలు ఎనిమిది మాసముల శిశువునకు తల్లిపాలు గాక దినమునకు సుమారు 200 కిలోకాలరీల ఆహారము కావలసియుండగా, కడుపు నిండి బిడ్డ తృప్తిగా నిద్రించును, తల్లియు సంతసించును, బరువు మాత్రము పెరుగదు.

టీచరమ్మ వాదమునకు దిగలేదు. జావ కొంచెము వేడి తగ్గువఱకు ఆగి, మొలకరాగుల పిండిని చెంచాడు తీసి అందులో వేసి కలుపసాగినది. కొన్ని నిమిషములలో, చుక్క నీరైనను చేర్పకయే, ఆ ముద్ద వదులై, మెత్తనై, గరిటెనుండి మెల్లగా జారనారంభించెను. ముందువరుస నిశ్శబ్దమైనది. మొలకెత్తు గింజయందు అమైలేజ్ అను ఎంజైము జనించును. ఉడికి నీటిని పీల్చి ఉబ్బిన పిండిపదార్థమును అది ఖండించుటచే జావ పలుచనగును, దానియందలి శక్తి మాత్రము తగ్గదు. బరోడా విశ్వవిద్యాలయమున తారా గోపాల్‌దాస్ మున్నగువారు 1980ల దశాబ్దమున ఈ విషయమునే పరిశోధించిరి. మొలక పిండిలో సూక్ష్మజీవులుండవచ్చును గనుక, పలుచబడిన జావను మఱల పొయ్యిపై నుంచి ఒక్క పొంగు రానిచ్చిన పిమ్మటనే చల్లార్చి తినిపింపవలెను.

గోడపై హైదరాబాదు మిశ్రమపు పాళ్ళు వ్రాసియుండెను: గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లము 20. 1918లో కూనూరున పుట్టి 1958లో హైదరాబాదునకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ, బక్కచిక్కిన పిల్లలకై కూర్చిన యోగమిది. ఆ 86 గ్రాములలో 330 కిలోకాలరీలు గలవు. అందలి బెల్లమును చూపి అవ్వలు మఱల విజృంభించిరి. ఏడాది నిండని బిడ్డకు ఉప్పు, పంచదార, బెల్లము అక్కఱలేదనియు, తేనె సుతరాము కూడదనియు టీచరమ్మ చెప్పగా, “చప్పిడిది ఎట్ల తింటాది?” అని ప్రశ్న. తీపి యెఱుగని నాలుకకు చప్పిదనము లోపమెట్లగునో నాకు బోధపడలేదు. ఆ చప్పిడి మన నాలుకకే గదా! తల్లిపాలలో ఇనుము స్వల్పము, పుట్టుకతో వచ్చిన నిలువ ఆఱు మాసములకే తఱుగును గనుక, జావతోపాటు ఉడికిన గ్రుడ్డు, మెత్తగా ఉడికించిన ఆకుకూరయు పెట్టుమనెను. ధాన్యములోని ఇనుము ఒంటబట్టుటకు పులుపు తోడ్పడునని, తోటలనుండి తెచ్చిన టమాటా గుజ్జును కూడ కలిపి చూపెను. మొదట రెండుమూడు చెంచాలు, క్రమముగా అరకప్పు.

ఇక తినిపించు వంతు. అవ్వ కొంగుచాటునుండి తళతళలాడు ఇత్తడి ఉగ్గుగిన్నెను వెలికి తీసినది. ముగ్గురు బిడ్డలను, ఏడుగురు మనుమలను సాకిన గిన్నె యది. జావను అందులో పోసి ముక్కును మనుమరాలి పెదవుల కానించినది. జావ కదలలేదు. గిన్నెను మఱింత వంచినది, విదిలించినది; ఆ సన్నని ముక్కున పాఱునది పలుచని ద్రవమే గదా! ఎంత చక్కని పాత్రమైనను, తన ముక్కు కొలతకు తగిన కూటినే బిడ్డకు విధించినదని నాకప్పుడు స్ఫురించినది. టీచరమ్మ చిన్న గిన్నెయు చెంచాయు అందించెను. మనుమరాలు మొదటి చెంచాను ఉమిసినది, రెండవదానిని ముఖమున పూసికొన్నది, మూడవదానిని మ్రింగినది.

“సరేలేమ్మా, చెంచాతోనే పెడతాం. ఈ గిన్నె ఆముదం పొయ్యడానికి పెట్టుకుంటా.”

“అవ్వా, ఆముదం కూడా పొయ్యకూడదు!”

“అది ఇంకో దినం మాట్లాడుకుందాం పో,” అని అవ్వ గిన్నెను కొంగున ముడివైచుకొన్నది.