చెట్టుకప్పకు ఒక ఇల్లు

మా ఊరు పామిడిముక్కల. కృష్ణమ్మ నీరు కాలువలుగా, పంటబోదెలుగా చీలి పారే పల్లపు సీమ అది. తొలకరి వానలు కురిసి, కాలువలకు నీరు వదిలిన నాటి నుంచి మా రాత్రులన్నీ కప్పల సంగీతంతో నిండిపోతాయి. ఆ గోలలో ఒక గొంతు మాత్రం గోడ మీది నుంచో, అరటిచెట్టు మీది నుంచో వినవస్తుంది. ఎవరో చెక్క మీద వేళ్ళతో తాళం వేస్తున్నట్లుంటుంది. అదే చెట్టుకప్ప. వేళ్ళ చివర గుండ్రని మెత్తలుండటం వల్ల అది నున్నని గోడను సైతం అవలీలగా ఎక్కగలదు. పగలంతా స్నానాలగది మూలలో కాళ్ళు ముడుచుకుని సున్నపుముద్దలా కదలక కూర్చుంటుంది.

నాకు పదమూడేళ్ళప్పుడు అటువంటి కప్పనొకదాన్ని పట్టి గాజుసీసాలో ఉంచాను. నాలుగు ఆకులు వేసి, నీళ్ళు పోసి, పారిపోతుందేమోనని మూత గట్టిగా బిగించి వసారాలో ఎండ తగిలేచోట పెట్టాను. మూడోనాటికి అది చనిపోయింది. మా మామ్మ నన్ను కోప్పడలేదు. “పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే నాయనా” అని మాత్రం అంది. ఆ సీసాను నేనే పెరట్లో పాతిపెట్టాను. ఆ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

కొన్నేళ్ళ కిందట ఒక వానాకాలంలో మా పెరటిలోని పాత నీళ్ళగాబును పడగొట్టించవలసి వచ్చింది. తెల్లవారితే పనివారు వస్తారు. ఆ సాయంత్రం తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి గాబు మీదికి వంగిన చేమాకును చూపించాడు. దానికి సబ్బునురుగు ముద్దలాంటిదొకటి అంటుకుని ఉంది. అది చెట్టుకప్ప గూడు. ఈ కప్ప నీటికి పైన నురుగుతో గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి రాగానే సరిగ్గా కిందనున్న నీటిలో పడతాయి. “గాబు లేకపోతే అవి ఎక్కడ పడతాయి నాన్నా?” అన్నాడు వాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆకును తొడిమతో సహా కోసి, వాననీరు నింపిన తొట్టి మీద వేలాడదీశాము.

నాలుగైదు రోజుల్లో తోకకప్పలు రాలాయి. పన్నెండింటిని ఉంచుకుని, తక్కినవాటిని మందు నీరు చేరని ఒక గుంటలో వదిలాము. ఉడికించిన తోటకూర వాటికి ఆహారం. అవి కప్పలయ్యేలోగా వాటికొక ఇల్లు సిద్ధం చేయాలి. అటువంటి గాజు ఇంటినే టెర్రేరియం అంటారు.

దీని చరిత్ర చిత్రమైనది. 1829లో లండన్ వైద్యుడు నథానియేల్ వార్డ్ ఒక కీటకపు ప్యూపాను తడిమన్నుతో సహా సీసాలో మూసి ఉంచాడు. కొన్నాళ్ళకు ఆ మన్నులో ఫెర్న్ మొక్క మొలిచింది. మన్నులోని తేమ ఆవిరై, గాజుకు తగిలి, మళ్ళీ మన్నునే తడుపుతోందని ఆయన గ్రహించాడు. చైనా నుంచి మన దేశానికి తేయాకు మొక్కలు ఓడల్లో వచ్చింది అటువంటి గాజుపెట్టెల్లోనే. కాని మొక్కకు చాలిన మూసిన పెట్టె కప్పకు చాలదు. కప్ప చర్మంతో కూడా శ్వాసిస్తుంది. నీటిని సైతం చర్మంతోనే పీల్చుకుంటుంది. దానికి తేమతోపాటు మంచిగాలి కావాలి. చిన్నప్పటి నా తప్పు నాకు అప్పుడు పూర్తిగా అర్థమయింది.

ఉయ్యూరులో అద్దాలు కోసే అతనిచేత రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు గల పెట్టె చేయించాము. చెట్టుకప్పకు వెడల్పుకంటె ఎత్తు ముఖ్యం. పైన మూతకు బదులు సన్నని జాలీ బిగించాము. అడుగున గులకరాళ్ళు, వాటిపై కొద్దిగా బొగ్గు, ఆ పైన వల, వల మీద కొబ్బరిపొట్టు కలిపిన మన్ను పరిచాము. ఎక్కువైన నీరు రాళ్ళలోకి దిగుతుంది కనుక మన్ను కుళ్ళదు. ఏటవాలుగా ఒక జామకొమ్మ, దాని చుట్టూ మనీప్లాంట్ తీగ అమర్చాము. ఒక మూల లోతులేని నీటిపళ్ళెం పెట్టి, అందులోకి రాళ్ళతో వాలు కట్టాము. కాళ్ళు వచ్చిన పిల్లకప్ప గట్టెక్కలేకపోతే నీటిలోనే మునిగి చనిపోతుంది.

క్లోరిన్ కలిసిన కుళాయినీరు కప్పకు హాని చేస్తుంది. అందుకని వాననీరే వాడాము. చేనికి మందు కొట్టి వచ్చిన చేతులతో పెట్టెను తాకకూడదని ఇంట్లో కట్టడి చేశాము. ఎండ సోకని చోట పెట్టాము. మన కోస్తా ఎండకు గాజుపెట్టె నిమిషాల్లో కుంపటి అవుతుంది.

సుమారు రెండు నెలలకు తొమ్మిది కప్పలు కొమ్మెక్కాయి. కప్ప కదిలే పురుగునే తింటుంది. అరటితొక్క మీద ముసిరే చిన్న ఈగలను సాయంకాలం లోపల వదిలేవాళ్ళం. ఒకనాడు మా అబ్బాయి, “ఒక్కదాన్ని ఉంచుకుందాం నాన్నా. ఇక్కడ దానికేం తక్కువ?” అన్నాడు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చిందని, సరదాకోసం ఊరి జీవులను పట్టి బంధించడం తగదని చెప్పవచ్చు. కాని ఆ రాత్రి వాణ్ణి లేపి, టార్చిలైటు వెలుగులో పెట్టెను చూపించాను. తొమ్మిదీ జాలీకి అతుక్కుని ఉన్నాయి. బయట వాన కురుస్తోంది. అప్పుడు నా గాజుసీసా కథ వాడికి మొదటిసారి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాటి సాయంత్రం పెట్టెను వాడే పెరట్లోకి మోసుకెళ్ళి జాలీ తీశాడు. గూడు దొరికిన ఆ చేమదుబ్బుల దగ్గరే వాటిని వదిలాము. కప్పలను ఒకచోటి నుంచి మరొకచోటికి తరలిస్తే జబ్బులూ వెంట వెళతాయి. 1990వ దశకంలో శాస్త్రజ్ఞులు గుర్తించిన ఒక చర్మపు బూజుతెగులు ఎన్నో దేశాల్లో కప్పజాతులనే తుడిచిపెట్టింది. కప్పల వ్యాపారం దాని వ్యాప్తికి ఒక కారణం.

గాబు పోయినచోట, చేమాకుల కింద ఒక మట్టితొట్టిని నేలలో పాతి నీరు నింపాము. మరుసటి తొలకరిలో ఒక ఉదయం మా అబ్బాయి పెరట్లోంచి కేకేశాడు. తొట్టి మీదికి వంగిన ఆకుకు తెల్లని నురుగుముద్ద వేలాడుతోంది. అది మా తొమ్మిదింటిలో ఒకదానిదో కాదో ఎవరు చెప్పగలరు? వాడు మాత్రం తొట్టిలో నీరు చాలినంత ఉందో లేదో వంగి చూస్తున్నాడు.