అద్దంలో గొంతు

మాన్యుయెల్ గార్సియాకు గొంతు సహకరించి ఉంటే ఏమయ్యేవాడా అని ఆలోచిస్తుంటాను. తండ్రి, చెల్లెళ్లు ఆపెరాలో మహామహులు. 1825లో తండ్రి బృందంతో న్యూయార్క్‌లో పాడిన ఇతను మాత్రం పాతికేళ్లైనా నిండకుండానే వేదిక దిగి, పాఠాలు మొదలుపెట్టాడు. అలసిన గొంతుతో గాయని జెన్నీ లిండ్ వస్తే, ముందు కొన్నాళ్లు నోరు విప్పొద్దన్నాడు. ఫీజు తీసుకునే మేష్టారు అంత మాట అనడం తేలికా!

గొంతు లోపల ఏం జరుగుతుందో చూడాలని 1854లో పంటి డాక్టర్ల చిన్న అద్దాన్ని వేడినీళ్లలో ముంచి, తుడిచి, కొండనాలుకకు ఆనించాడు. చేతి అద్దంతో దాని మీదికి ఎండ మళ్లించాడు. తన స్వరతంత్రులే కదులుతూ కనిపించాయి! హాయిగా పాడుకునేవాడికి ఇంత అవస్థ దేనికి? 1905లో, లండన్‌లో జరిగిన అతని నూరేళ్ల పండుగకు గాయకులతోపాటు గొంతు డాక్టర్లూ తరలివచ్చారు.