మిత్రునకు మైల లేదు

బంధువు గతించినప్పుడు దుఃఖించుటకు మన ధర్మశాస్త్రము దినములు లెక్కగట్టి యిచ్చినది. జ్ఞాతులకు పదిదినముల మైల, పిమ్మట మాసికములు, ఏడాదికి ఆబ్దికము: ఇట్లు కన్నీటికి సైతము ఒక క్రమ మేర్పడినది. స్నేహితునకో, శ్మశానమునుండి వచ్చి స్నానమాడినంతనే అంతయు తీరిపోవును. పాడెకు వెదుళ్లు తెప్పించుట, చుట్టములకు కబురంపుట, పసిబిడ్డలకు పొరుగింట అన్నము పెట్టించుట వాని పాలబడుటచే, ఆనాడు వానికి ఏడ్చుటకు తీరిక యుండదు, తరువాత ఏడ్చుటకు అధికార ముండదు. అందువలననే వాని దుఃఖము ఆలస్యముగా వచ్చును.

కాట్టుపల్లిలో నా చెలికాడు పోయిననాడు నా కన్ను చెమర్చలేదు. తూర్పున సముద్రము, పడమట బకింగ్‌హాం కాలువ, ఉత్తరమున మనవారు ప్రళయకావేరి యని పిలిచిన పులికాట్ సరస్సు గల ఆ తీరమున, ఇంట తెలుగు మాటాడుచు బడిలో అరవము మాత్రమే చదివినవా డతడు. అక్షరములు రాకున్నను తెలుగన్న ప్రాణము. సాయంకాలము అరుగుమీద నేను పత్రిక చదువుచుండగా వినుచు, నచ్చినచోట "ఇంగోతూరి సదువప్పా" అనెడివాడు. నెలలు గడచిన పిదప ఒకనాడు, అలవాటు చొప్పున పత్రికను బిగ్గరగా చదువ నారంభించి, ఒక చక్కని వాక్యము కడ ఆ మాటకై ఆగితిని. కాటియొద్ద రాని యేడ్పు అప్పుడు వచ్చినది. ఇంటివారు పరుగున వచ్చి యేమైనదని యడిగిరి. చెప్పుటకు నోరు రాలేదు.

ఈ ఆలస్యము ప్రేమలోపము కాదు. ఆంగ్లకవి టెన్నిసన్ మిత్రుడు హాలమ్ 1833లో మరణింపగా, ఆ శోకము కావ్యమై వెలువడుటకు 1850 వరకు పట్టినది. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు 1920 ప్రాంతమున పరమపదించిన పిమ్మట చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1950 వరకు జీవించి, తామొక్కరే రచించిన కృతులను సైతము తిరుపతి వేంకట కవులన్న జంటపేరుతో ప్రకటించుచు వచ్చిరి. పదిదినములలో తీరవలసిన శోకము కాదది.

మన పెద్దలు దీనిని ఎఱుగనివారు కారు. భాద్రపద బహుళమున మహాలయపక్షములో తర్పణార్హుల వరుసలో తండ్రితాతలు, మాతామహులు, సోదరులు, గురువు, శిష్యుడు వచ్చిన పిదప కట్టకడపట ఆప్తునకును చోటిచ్చిరి. మైల పట్టనివానిచేత నీళ్లు విడిపించిన ఆ విధి యెంత దయగలది!

కావున చెలికాడు పోయిన యెన్నాళ్లకో కంటతడి పెట్టువానిని "ఇప్పుడేల?" యని యడుగరాదు, చుట్టమును పరామర్శించినట్లే వాని చెంత కూర్చుండి, పోయినవాని సంగతులు చెప్పించుకొని వినవలయును.