ముగ్గురం, మూడు పరిశోధనలు

మన హాస్టల్ నుంచి పై చదువులకు వెళ్లినవాళ్లు వార్షికోత్సవ సంచికకు ఏదో ఒకటి రాయడం ఆనవాయితీ. చెల్లెళ్లూ, ఈసారి మా వంతు. నాలుగో నంబరు గదిలో ట్రంకుపెట్టెలు పక్కపక్కనే పెట్టుకుని చదివిన మేము ముగ్గురం ఇప్పుడు పీజీలో ఉన్నాం. ఒకరిది ఎమ్మెస్సీ నర్సింగ్, ఒకరిది ఎల్‌ఎల్‌ఎం, ఈ నాలుగు మాటలు రాస్తున్నవారిది ఎం.ఏ. చరిత్ర. వయసు 23. ముగ్గురి ఇళ్లలోనూ డిగ్రీ పట్టా మాతోనే మొదలు. ముగ్గురికీ పరిశోధన చేయాలని ఉంది. "ఇంకా ఎన్నాళ్లు చదువుతారు? ఉద్యోగం ఎప్పుడు, పెళ్లెప్పుడు?" అని ఇంట్లో అడుగుతున్నారు. దానికి జవాబు వెతుక్కుంటూ సెలవుల్లో మాలో మేము చెప్పుకున్న మాటలే ఇవి.

నర్సింగ్ వాళ్లకు జవాబు సులువు. 1952లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలింది. బ్లెగ్‌డమ్ ఆసుపత్రికి ఊపిరాడని పిల్లలు వరసగా వస్తున్నారు. అక్కడున్న పెద్ద శ్వాసయంత్రం ఒక్కటే. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ 12 ఏళ్ల పాపకు గొంతు దగ్గర రంధ్రం చేయించి, గొట్టం పెట్టి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. పాప బతికింది. ఆ తర్వాత సుమారు 1,500 మంది విద్యార్థులు రాత్రింబవళ్లు వంతులవారీగా, నెలల తరబడి సంచులు నొక్కారు. చావులు సగానికి పైగా తగ్గాయి. మరుసటి ఏడాది ఇబ్సెన్ అదే నగరంలో ఇలాంటి రోగులకు విడిగా ఒక వార్డు పెట్టాడు. ఐసీయూకు అదే నాంది అంటారు. మెస్‌లో ఈ సంగతి చెబితే ఏడో తరగతి చెల్లి ఒకతి "చేతులు నొప్పి పుట్టవా అక్కా?" అంది. పుట్టే ఉంటాయి. వాళ్లూ మన వయసువాళ్లే.

లా, చరిత్ర చదివే మాకే చిక్కు. మా ఇద్దరినీ కలిపింది ఒక బట్ట. మన మచిలీపట్నం వైపు చిరివేరు ఎరుపుతో అద్దిన కలంకారీ బట్ట ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లింది. ఎంత ఉతికినా రంగు పోదు, బరువుండదు. ఆడవాళ్లు ఎగబడి కొన్నారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకు పని పోయింది. 1719లో లండన్ వీధుల్లో ఆ బట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి చించేశారు. 1721లో పార్లమెంటు చట్టమే చేసింది: అద్దకపు నూలుబట్ట కట్టుకుంటే జరిమానా. 1774 దాకా ఆ చట్టం ఎత్తేయలేదు. ఒంటి మీద బట్టకు కూడా చట్టం ఉంటుందా అని మా లా నేస్తం ఆశ్చర్యపడలేదు. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రవిక కోసం 1859 దాకా పోరాడిన సంగతి తనే మాకు గుర్తుచేసింది. ఆ చట్టం పొట్ట నింపుకోవడానికి, ఈ ఆంక్ష కులం నిలుపుకోవడానికి. రెంటికీ దెబ్బ తిన్నది మాత్రం ఆడదాని ఒళ్లే.

ఆనాటి అద్దకాలు ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని ఎంచి, సరిచేసి, జనానికి చూపించడం ఒక చదువు, ఒక ఉద్యోగం. పాత బట్టల మీద 50 లక్స్‌కు మించి వెలుగు పడనివ్వరు, రంగు వెలిసిపోతుందని. మామూలుగా పక్కన పెట్టే చీటీలో కోరమాండల్ తీరం అనీ, ఏ కాలమో అనీ రాస్తారు. అద్దినవాళ్ల పేరు ఉండదు.

మా తాతల కాలం దాకా మా వాడలోనూ మగ్గాలుండేవి. అందుకే ఆ ఖాళీ మాకు గుచ్చుకుంది. దీని మీద డిసర్టేషన్ రాస్తామంటే ఒక మాస్టారు "చీరల మీద పరిశోధనా?" అని నవ్వారు. నవ్వనివ్వండి. చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలున్నాయి. వేసవిలో వెళ్తున్నాం. జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలని ఇంట్లో చెప్పాక పెళ్లి మాట కొంత వెనక్కి తగ్గింది. అమ్మ మాత్రం ఒకటే అడిగింది: "ఆ కాగితాల్లో మనోళ్ల పేర్లుంటాయా?"

వెతకాలి.