ఘాట్‌లో ఊడిపోయిన రెండో గేరు, పదకొండు మంది డబ్బులు

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. సెకండ్ హ్యాండ్ బండి కోసం చూస్తున్నవాళ్ళు మన గ్రూపులో చాలామందే ఉన్నారు కాబట్టి మాకు జరిగింది వివరంగా రాస్తున్నాం.

మాది పాడేరు వైపు కొండ మీది ఊరు. పదకొండు మందిమి కలిసి వైజాగ్‌లో ఒక డీలర్ దగ్గర ఏడు సీట్ల డీజిల్ బండి తీసుకున్నాం. 3,85,000 అయ్యింది. కాఫీ, మిరియాల డబ్బులు కొంత, బయట చిన్న ఉద్యోగాలు చేస్తున్న మావాళ్ళ జీతాలు కొంత. కిరాయికి తిప్పడానికి కాదు. ఊరికి రోడ్డయితే పడింది గానీ రాత్రి తొమ్మిది దాటితే ఆటో ఎక్కిరాదు. రోడ్డు లేనప్పుడు డోలీ కట్టి మోసేవాళ్ళం, రోడ్డు వచ్చాక ఆ రోడ్డు మీదే మోశాం. అందుకే బండి.

కొనేముందు అన్నీ చూశాం. మాలో ఒక తమ్ముడు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు. హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరులో పెట్టి క్లచ్ మెల్లగా వదిలాడు. ఇంజన్ వెంటనే ఆగిపోయింది, అంటే క్లచ్ పట్టు ఉన్నట్టే. పొగ చూశాడు, బీచ్ రోడ్డు మీద నడిపాడు. గేర్లు మెత్తగా పడ్డాయి, చప్పుడే లేదు.

ఊరికొచ్చాక పొద్దున్న చలిలో మాత్రం రెండో గేరు పడటానికి మొరాయించేది. రెండు కిలోమీటర్లు పోతే సర్దుకునేది. ఘాట్ ఎక్కి బాగా వేడెక్కితే కిందనుంచి సన్నగా మూలుగు. పన్నెండో రోజున, జ్వరంతో ఉన్న పాపను, వాళ్ళమ్మను, హాస్టలుకి పోయే నలుగురు పిల్లలను ఎక్కించుకుని ఘాట్ దిగుతుంటే రెండో గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లోకి వచ్చేసింది.

ఘాట్ దిగినవాళ్ళకి ఇదెంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. గేరులో ఉన్నప్పుడు ఇంజనే బండిని సగం ఆపుతుంది. న్యూట్రల్ అయితే బరువంతా బ్రేకుల మీదే. బ్రేకులు కాగితే పట్టు తగ్గిపోతుంది. మా అన్న మళ్ళీ గేరు వేసి, ఎడం చేత్తో రాడ్డు నొక్కిపట్టి, కుడి చేత్తో స్టీరింగ్ తిప్పుతూ దించాడు. కిందికొచ్చేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన. పాపను, తల్లిని వేరే జీపు ఎక్కించి కేజీహెచ్‌కి పంపాం. (పాప బాగుంది.) బండిని క్రేను మీద గాజువాక ఆటోనగర్‌కి తీసుకుపోయాం.

మొదటి షెడ్డులో బండి కింద టార్చి వేసి చూసి, "గేరు బాక్సు మొత్తం మార్చాలి, 72,000 అవుద్ది" అన్నారు. విప్పకుండానే! మావాళ్ళు కొందరు ఇచ్చేద్దాం అన్నారు, కొందరు బండి అమ్మేద్దాం అన్నారు. ఐటీఐ తమ్ముడు ఒప్పుకోలేదు. "ముందు ఆయిల్ దించమనండి, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. రెండో షెడ్డు మేస్త్రి దానికి సరే అన్నాడు.

దిగిన ఆయిల్ మామూలు గేరాయిల్ కంటే బాగా చిక్కగా, జిగటగా ఉంది. అందులో ఇత్తడి రంగు రజను మెరుస్తోంది. మేస్త్రి వేళ్ళ మధ్య రాసి చూసి నవ్వాడు. అరిగిపోయిన గేరు బాక్సులో చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు అణిగిపోతుందట. చలికి అది గట్టిపడుతుంది, అందుకే పొద్దున్న గేరు మొరాయింపు. వేడికి పలచబడుతుంది, అందుకే ఘాట్‌లో మూలుగు. మైదానంలో పది నిమిషాల ట్రయల్‌కి ఇది ఎవరికీ దొరకదు. గంటసేపు ఎక్కుడు, గంటసేపు దిగుడు ఉంటేనే బయటపడుతుంది. మన రోడ్డే దానికి అసలైన పరీక్ష. అందుకే ఇప్పుడు ఎవరడిగినా, వీలైతే బయానాకి ముందు ఒకసారి ఘాట్ ఎక్కించి దించి చూడండి అంటున్నాం. కుదరదు అన్నారంటే ఆ బండి వద్దు.

బాక్సు మా కళ్ళముందే విప్పారు. రెండో గేరు సింక్రో రింగు అరిగి నున్నగా అయిపోయింది, గేరు పళ్ళ అంచులు గుండ్రంగా తేలాయి, ఒక బేరింగు ఆడుతోంది. మిగతావన్నీ బానే ఉన్నాయి. గేరు, స్లీవు, రింగు కలిపి 8,600. బేరింగులు 3,900. సీళ్ళు, ఆయిల్ 2,300. కూలీ 6,500. బాక్సు ఎలాగూ దించారు కాబట్టి క్లచ్ సెట్టు కూడా 9,800 పెట్టి మార్పించాం, లేదంటే ఏడాదికో రెండేళ్ళకో మళ్ళీ దించుడు కూలీ. క్రేనుకి 4,500. మొత్తం 35,600. మొదటి షెడ్డు చెప్పినదాంట్లో సగం కూడా కాదు. పాత సామాను సంచిలో వేసి ఇమ్మని అడిగి తెచ్చుకున్నాం. బిల్లు సామాను పేరుపేరునా రాయించాం.

ఆ సంచి పట్టుకుని డీలర్ దగ్గరికి పోయాం. "సెకండ్ హ్యాండ్ బండికి గ్యారంటీ ఏటి బాబూ? మీ కొండల్లో తిప్పితే ఏ బండైనా ఇంతే" అన్నాడు. మాకు డబ్బుల కంటే ఆ "మీ కొండల్లో" అన్న మాట ఎక్కువ కాలింది. ఘాట్ మీద తిప్పడానికే అని కొనేరోజే చెప్పాం.

లా చదువుతున్న మా చెల్లి వల్ల బతికిపోయాం. మిగతా డబ్బు కట్టేముందే ఆమె రసీదు మీద "ఇంజను, గేరు బాక్సు మంచి కండిషన్‌లో ఉన్నవి" అని రాయించి సంతకం పెట్టించింది. ఆమె గొంతు పెంచలేదు. వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వస్తువుకి ఫీజే లేదని, రెండేళ్ళ లోపు వేయొచ్చని, 2019 చట్టం వచ్చాక మనం ఉండే చోటనుంచే వేసుకోవచ్చని చెప్పింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండాలి, మీ నంబరు చెప్తారా అని అడిగింది. అప్పుడు కుర్చీలు వేశారు, టీ తెప్పించారు.

15,000 ఇచ్చాడు. ఇక్కడ మాలో పెద్ద గొడవే అయ్యింది. కేసు వేసి మొత్తం రాబట్టాలని చెల్లి, ఇంకో ఇద్దరు. వర్షాలు మొదలవుతున్నాయి, బండి ముందు ఊరికి చేరాలని మిగతావాళ్ళం. తీసుకున్నాం. అది న్యాయం అని మేమనుకోవట్లేదు, చెల్లి ఇప్పటికీ ఒప్పుకోదు. ఆమె మాటలో తప్పులేదు. మనవాళ్ళు సర్దుకుపోతారని తెలిసే వాళ్ళు అలా మాట్లాడతారు.

మిగిలిన 20,600లో చదువుకుంటున్న ఇద్దరినీ వదిలేసి తొమ్మిది మందిమి తలా 2,300 వేసుకున్నాం. వంద మిగిలింది, ఆటోనగర్‌లోనే టీ, బజ్జీలకి అయిపోయింది.

ఇప్పుడు రెండో గేరు గట్టిగానే నిలుస్తోంది. వెయ్యి కిలోమీటర్లకి ఆయిల్ దించి రజను ఉందో లేదో చూడమన్నాడు మేస్త్రి, ఇంకా మూడువందలు ఉంది. ఆర్సీ పేరు మార్పు కాగితాలు పెట్టాం. గ్రూపులో ఎవరైనా బండి చూడ్డానికి పోతుంటే ముందురోజు చెప్పండి, ఐటీఐ తమ్ముడు ఆదివారాలు ఖాళీ, బస్సు చార్జీ పెట్టుకుంటే వస్తాడు. రసీదు మీద ఏం రాయించాలో చెల్లిని అడగండి.

జై ఆదివాసీ.